పిట్టకు పెట్టిన చోటు

"దానికేం మాటిచ్చి తప్పినవో యాది చేసుకో, మరిదీ," అంది ఇంద్రమ్మ.

వెంకటేశం ఆకాశం వైపు చూశాడు. మానేరు డ్యాం ఒడ్డున, పడవకు పదడుగుల దూరంలో విస్తరాకు పరిచి ఉంది. అన్నం, బోటి కూర, రెండు గారెలు, చిన్న సీసాలో కల్లు. భార్య బాలమ్మకు ఇష్టమైనవన్నీ వడ్డించి గంటన్నర దాటింది. ఆమె పోయి మూడో రోజు. పిట్టకు పెట్టే రోజు. పిట్ట ముడితేనే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. అప్పటిదాకా ఇంటివాళ్లు పచ్చి మంచినీళ్లు ముట్టరు. సిరిసిల్ల నుంచి వచ్చిన చుట్టాలు కొంగులూ తువ్వాళ్లూ నెత్తిన కప్పుకొని ఎండలో కూర్చున్నారు. ఒక్క కాకీ రాలేదు.

"కాలిన కాడ పెడుదామంటే ఇనకపోతివి." పోయింది ఇంద్రమ్మకు సొంత చెల్లెలు. "పిట్టకు పెట్టనీకి గూడ నీకు పడవ కాడికే రావాల్నా?"

"పడవ కోసం గాదు వదినె. రోజు సద్ది తెచ్చి, నేను తిన్నంక గూడ గీ ఒడ్డు మీదనే కూసునేది. గీడైతే అస్తదనుకున్న."

"ఎందుకస్తది? పదిహేనొద్దులకోసారి ఇంజన్ల ఆయిల్ మార్చినవు. బ్యాటరీల నీళ్లు తగ్గకుంట చూసినవు. దాని బీపీ గోలీలు ఉన్నయో అయిపోయినయో ఒక్కనాడన్న చూసినవా?"

"పెద్దవ్వా, ఊకో," అంది సంధ్య. బాలమ్మకు ఒక్కతే కూతురు. కోరుట్ల నుంచి బస్సు దిగినప్పటి నుంచి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"ఎట్ల ఊకుంటనే? పానం పోయేటప్పుడు మీ అవ్వ మూడుసార్లు ఫోన్ జేసింది. ఎత్తిండా మీ బాపు?"

వెంకటేశం అరచేతులు చూసుకున్నాడు. ఆ పూట ఇంజన్ నాజిల్ విప్పి ఉన్నాడు. చేతుల నిండా డీజిల్. తుడుచుకొని ఎత్తుదామనుకున్నాడు. తుడుచుకునేసరికి మోగడం ఆగిపోయింది. సద్ది ఆలస్యమవుతుందని చెప్పడానికి చేసి ఉంటుందిలే అనుకున్నాడు. గోళ్ల సందుల్లో ఆ నలుపు ఇంకా అలాగే ఉంది.

అవతలి గట్టు నుంచి ఒక కాకి వచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టారు. అది పడవ దాకా వచ్చి, ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారినే పోయింది.

"చూసినవా," అంది ఇంద్రమ్మ. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. "మొకం తిప్పుకున్నది."

సంధ్య వెళ్లి విస్తరాకు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అవ్వా, బాపుకు రంది లేకుంట నేను చూసుకుంట. కోరుట్లకు తీస్కపోత. నువ్వు తిను." చుట్టాలు ఒక్కొక్కరూ వచ్చి పోయిన మనిషికి తలా ఒక మాట ఇచ్చారు. కల్లు సరిపోలేదేమోనని ఒక ముసలాయన ఆకు పక్కన ఇంకొంచెం పోయించాడు. ఎంతసేపు చూసినా ఆకాశం ఖాళీగానే ఉంది.

"పడవ ఇడిసిపెడుతనని చెప్పు, మరిదీ," అంది ఇంద్రమ్మ. "గదొక్కటే దాని కడుపుల ఉన్నది. నాకెరుకే."

వెంకటేశం లేచి పడవెక్కాడు. చేపల సంఘం వాళ్ల పడవ అది. ఆరేళ్లుగా దానికి డ్రైవరూ అతనే, మెకానిక్కూ అతనే. ఇంజన్ సెల్ఫు కొట్టాలన్నా, లైట్లు వెలగాలన్నా బ్యాటరీయే దిక్కు. ఆ బ్యాటరీకి కప్పు మీది సోలార్ ప్యానెళ్లే దిక్కు. పది నంబరు పానా తీసి బ్యాటరీ వైర్లు రెండూ విప్పేశాడు. ఛార్జింగ్ డబ్బా మీది పచ్చ లైటు ఆరిపోయింది. కిందికి దిగి, పడవ తాళంచెవి తెచ్చి విస్తరాకు పక్కన పెట్టాడు.

"బాలమ్మా," అన్నాడు. నలుగురిలో భార్యను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. "ఇగ పడవ ముట్ట. రేపే సంఘపోల్లకు అప్పజెప్పుత. ఒక్క మెతుకు ముట్టవే."

కాకి రాలేదు. చీమలు మాత్రం వచ్చి గారె అంచున బారు కట్టాయి. సంధ్య వాటిని దులపబోతే వెంకటేశం చెయ్యడ్డం పెట్టాడు. "ఉండనీ బిడ్డా. గవన్న తింటున్నయి గద."

అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. "నీ పెద్దవ్వ అన్నది నిజమే," అన్నాడు కూతురితో. "నా మీది కోపంతోనే పోయింది."

సంధ్య తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఇంద్రమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

అప్పుడు కట్ట దిగి లచ్చవ్వ వచ్చింది. పడవలో వచ్చిన చేపలు కొనుక్కుపోయి ఊళ్లలో అమ్ముకునే మనిషి. ఈ ఒడ్డున బాలమ్మకు రోజూ మాటతోడు. విస్తరాకును చూసి, నెత్తి మీది గంపతోనే నిలబడిపోయింది.

"గీడ పెట్టుమన్నదెవలు?" అంది. "గీ ఒడ్డు మీద కాకి వాలదు. గా గుట్ట కాడికి తీస్కపోయి పెట్టుండ్రి, పెట్టంగనే ముడుతయి."

"ఎందుకు వాలదు?" అడిగింది ఇంద్రమ్మ.

లచ్చవ్వ గంప దించింది. వెంకటేశం ముఖం చూడలేక, పడవ కప్పు వైపు చూస్తూ చెప్పింది.

"ఆరేండ్ల సంది అన్న గా ఇంజన్ల తలపెట్టి పని చేస్తుంటె, బాలక్క గీడ ఎండల కూసోని, వడిసెలతోని కొట్టి ఒక్క కాకిని గూడ వాలనియ్యలే... ప్యానెళ్ల మీద రెట్ట పడితె ఆయన బ్యాటరీ ఎక్కదని."