ఇడ్వాల్ పూసిన సిమెంటు

"ముందు ఆకుపచ్చ నీళ్లు పొయ్. అది మా వైపు. తర్వాత ఎరుపు. అది నీ వైపు. తలకెక్కిందా?" పడగ్గది కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది నెస్టా.

"ఇప్పటికి నాలుగుసార్లు చెప్పావు తల్లీ!" ఇంటి కప్పు మీంచి పక్కింటి ఎమ్లిన్ గొంతు వినిపించింది. "అయినా ఎరుపు నాకెందుకట?"

"తప్పు చేసినవాళ్లకు ఎరుపే నప్పుతుంది."

పలకరాతి గనుల ఊరు బ్లైనైలో ఇళ్లన్నీ ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని వరసగా ఉంటాయి. నెస్టా ఇంటికీ ఎమ్లిన్ ఇంటికీ నడిమి గోడ ఒకటే, దాని మీద చిమ్నీ కూడా ఒకటే. సగం ఆమెది, సగం అతనిది. రెండు చలికాలాలుగా నెస్టా పడగ్గదిలో చిమ్నీ గోడ చెమ్మెక్కి, అంటించిన రంగు కాగితం ఊడి వేలాడుతోంది. అది గదిలోని ఆవిరి వల్ల కాదని ఆమె ముందే తేల్చుకుంది. గోడకు వంటింట్లో వాడే పల్చటి అల్యూమినియం రేకు అతికించి వారం పాటు చూసింది. రేకు మీద పొడిగానే ఉంది, వెనకాల తడి. పొగగొట్టం మూతి మీద టోపీ కూడా సరిగ్గానే ఉందని ఎమ్లిన్ చూసి చెప్పాడు. ఇక అనుమానించాల్సింది చిమ్నీ కప్పును కలిసే మొదలునే. ఆ మొదలుకు ఎమ్లిన్ వైపు అతను పూసుకున్న సున్నం ఉంది; ఆమె వైపు పూత పూసింది ఇడ్వాల్.

ఇడ్వాల్ ఆమె భర్త. పలకరాతి గనిలో దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. పోయే ముందు వచ్చిన ఎండాకాలంలో, మెట్టుమెట్టుకూ ఆగి రొప్పుతూ నిచ్చెన ఎక్కాడు. పాత సున్నమంతా గీకేసి చిక్కటి సిమెంటు దట్టించాడు. "నేనున్నా లేకపోయినా నీ మీద చుక్క పడదు" అన్నాడు కిందికి దిగి. అతను చేసిన ఆఖరి పని అదే.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరో అననే అన్నారు: "పాపం, ఓపిక లేని మనిషి. ఏదో మమ అనిపించి ఉంటాడు." ఆ మాట నెస్టాకు నషాళానికి అంటింది. గోడ కూలినా సరే, తన మొగుడి పనికి వంక పెట్టనిచ్చేది లేదని పంతం పట్టింది. కేకుల్లో కలిపే రంగులు కొనుక్కొచ్చి రెండు బిందెల నీళ్లలో కలిపింది. ఏ రంగు గోడలోంచి దిగితే ఆ వైపువాళ్లదే తప్పు. మోకాలు సహకరిస్తే తనే ఎక్కేది. ఎమ్లిన్ వయసులో పెద్దవాడే అయినా, జీవితమంతా కప్పులకు పలకలు పరిచినవాడు.

"నీ సున్నం వేలితో గీకితే రాలుతుందయ్యా! మా ఆయనది ఉలి పెట్టినా దిగదు!" అంది పైకి చూస్తూ.

"పాత చిమ్నీ ఊరికే ఉండదు నెస్టా. చలికి ముడుచుకుంటుంది, ఎండకు సాగుతుంది. సున్నం మెత్తనిది, దానితోపాటే కదులుతుంది. సిమెంటేమో..."

"ఆఁ, సిమెంటేమో?"

పైన బిందె జరిపిన చప్పుడైంది.

"సిమెంటు గట్టిదే," అన్నాడు ఎమ్లిన్. "పోస్తున్నా. ఆకుపచ్చ!"

నెస్టా దీపం పట్టుకుని గోడకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుంది. నీళ్లు పలకల మీద జారిన చప్పుడు వినిపించింది. చాలాసేపు చూసింది. గోడ మీద కొత్త తడి లేదు.

"ఏమన్నా దిగిందా?"

"చుక్క లేదు! ఇప్పుడు నీది పొయ్!"

"పోస్తున్నా. ఎరుపు!"

ఈసారి ఎంతోసేపు పట్టలేదు. కాగితం ఊడినచోట ముందు చిన్న చుక్క, తర్వాత సన్నటి ధార. ఎర్రగా.

నెస్టా కళ్లు తుడుచుకుంది. తర్వాత కిటికీ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లి, వీధి వీధంతా వినేలా అరిచింది. "ఎరుపే! ఎమ్లిన్, ఎరుపే దిగింది!"

ఎమ్లిన్ దిగివచ్చి, వంటింట్లో టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నెస్టా టీ పోసి, ఎండుద్రాక్షల రొట్టెకు వెన్న దట్టంగా రాసి పెట్టింది. గెలిచినవాళ్లకు చెయ్యి పెద్దదవుతుంది.

"తప్పు నాదే," అన్నాడతను తల వంచుకుని. "ఆదివారం అందరిముందూ నేనే చెబుతాను. వచ్చే వారం చిమ్నీ మొదలంతా సీసపు రేకు తొడిగి, సున్నంతో పూసేస్తా. పనిలో పనిగా మీ వైపు కూడా..."

"ఆయన పని ముట్టుకున్నావంటే ఊరుకోను!"

"ముట్టుకోను. పైన రేకు కప్పుతానంతే. రెండు వైపులా ఒక్కలా ఉంటేనే నీళ్లు నిలవవు. ఏటా చలికి ముందు నాచు గీకి, పగుళ్లు చూసుకుంటే ఇక మనం పోయేదాకా బెంగ లేదు."

నెస్టా ఆలోచించింది. ఓడినవాడిని మరీ ఏడిపించకూడదు. "సరే, కప్పుకో," అని లేచి శాలువా అందుకుంది.

"ఎక్కడికి?" ఎమ్లిన్ టీ కప్పు కింద పెట్టాడు. "బయట చలిగా ఉంది. వాన కూడా వచ్చేలా ఉంది. వెలిశాక చూద్దువులే."

"నా మొగుడి పని చూసుకోడానికి ముహూర్తం పెట్టుకోవాలా?"

ఆ ఊళ్లో అడక్కుండానే వచ్చే వాన ఆ పూట ఆలస్యం చేసింది. నెస్టా వీధి దాటి, అవతలి అరుగు మీద నిలబడి, ఆయనకే కబురు చెప్పబోతున్నట్టు తల పైకెత్తింది.

ఎమ్లిన్ సున్నం మీద ఆకుపచ్చ చారలు. ఇడ్వాల్ సిమెంటు ఎర్రగా తడిసి ఉంది.