బోరు దగ్గర మొదటి దీపం

కాలవలన్నీ ఉప్పైపోయాక కోనసీమలో ఇంటింటికీ లోతు బోరే దిక్కయింది. కొలిచే పరికరం ఉన్న గొట్టం బోరులోకి దింపి అడుగు రాతిని పరీక్షించి "మంచినీళ్లే" అన్నవాడే బోరు మూతి దగ్గర మొదటి దీపం వెలిగించాలి. మా ఇంట్లో ఘోరం జరిగాక ఆ కట్టుబాటు పెట్టించింది నేనే.

మంచినీళ్లున్నా గ్యాసున్నా మొదటి గొట్టం తెర మీద గీసే గీత ఒకేలా లేస్తుంది. తేడా చెప్పేది రెండో గొట్టం గీసే గీత. ఆ గొట్టం దింపకుండానే, బోర్లు పరీక్షించే విశ్వపతి మా బోరుకి మంచినీళ్లేనని సంతకం పెట్టాడు. నా భార్య శ్యామల ఆ పక్కనే నీళ్లపొయ్యి అంటించబోయి మంటల్లో పోయింది.

నిన్న పక్కింటి కొత్త బోరుకి కావాలనే అతన్ని పిలిపించాను.

"మంచినీళ్లేనండి మాస్టారూ," అన్నాడు మొదటి గీత చూసి.

అగ్గిపెట్టె చేతిలో పెట్టాను. "అయితే వెలిగించు."

పుల్ల తీశాడు గానీ గీయలేదు. "ఒక్కసారి రెండోది కూడా దింపుతానండి."

"దింపు. తొందరేముంది?"

రెండో గీత మొదటిదాన్ని అడ్డంగా దాటింది. గ్యాసే. పుల్లని మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

"మీ బోరుకీ దింపాల్సిందండి," అన్నాడు నేలకేసి చూస్తూ.

పక్కింటి కోడలు మజ్జిగ తెచ్చిచ్చింది. తాగనిచ్చాను.

"సోమవారం చివరి వీధిలో ఇంకో బోరుంది. ఇకమీదట ఊళ్లో ఏ బోరుకైనా నిన్నే పిలవమన్నాను," అన్నాను. "అగ్గిపెట్టె నేను తెస్తాలే."