మేస్త్రి నేర్పిన ఎరుపు

"ఈ ఎరుపు ఎవరి చేతిది?"

హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి చీరను బల్ల మీద పరిచి అడిగాడు. చేనేత ప్రదర్శనలో ఆ చీరకు మొదటి బహుమానం వచ్చింది. వారం రోజులు ఎండలో వేసినా, సోడా నీళ్లలో ఉడకబెట్టినా దాని రంగు రవ్వంత కూడా దిగలేదట.

పానగల్ దారిలోని ఆ చేనేత సంఘం షెడ్డులో ఉన్నవాళ్లంతా ఒకేసారి ఇస్రాయేలు వైపు తిరిగారు. పదేళ్లుగా అక్కడ అద్దకం మేస్త్రి అతనే. ఇస్రాయేలు చీర కొంగును ముక్కు దగ్గరకు తీసుకుని వాసన చూశాడు. వేళ్లతో తడిమాడు.

"నూనె మంచిగ పట్టింది," అని నెమ్మదిగా చీర వదిలి పక్కకు జరిగాడు. "ఎరుపు మాత్రం బాలయ్యది సార్. నాది కాదు."

వెనక నిలబడ్డ బాలయ్య తల వంచుకున్నాడు. షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. ఎందుకంటే బాలయ్య ఒకప్పుడు ఏం చేశాడో అందరికీ తెలుసు.

మూడేళ్ల కిందట అతను సంఘానికి దర్ఖాస్తు పెట్టాడు. చర్చికి పోయే మనిషి సంఘం నూలు ముట్టుకోవద్దని, మేస్త్రిని తీసేయాలని దాని సారాంశం. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడే బాలయ్య మగ్గం మూలపడింది. పని అడగటానికి అదే సంఘం గడప ఎక్కాల్సి వచ్చింది.

"నీ దర్ఖాస్తు ఇంకా నా పెట్టెలనే ఉంది," అన్నాడు ఆ రోజు సంఘం అధ్యక్షుడు వెంకటనర్సు. "ఏ మొఖం పెట్టుకొని వచ్చినవ్?"

బాలయ్య వెనక్కి తిరిగాడు. లోపలి నుంచి ఇస్రాయేలు తడిచేతులతోనే బయటికి వచ్చాడు.

"నర్సు పటేలా, నా పక్కకు ఒక మనిషి కావాలంటి గద. గాయన్నే ఇయ్యి."

ఆ సాయంత్రం అతని భార్య ఏస్తేరమ్మ అన్నం ముందు పెట్టి నిలదీసింది. "నీ కూడు తీయాలని చూసినోనికి నీ పని నేర్పుతవా?"

"పగోన్ని గూడ ప్రేమించాలని నిన్న చర్చిల చెప్తే తలకాయ ఊపి వస్తిమి. ఇయ్యాల సోమవారం. ఇప్పుడు గాకుంటే ఎప్పుడు చేస్త?"

ఏస్తేరమ్మ అతని కంచంలో ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది.

అద్దకం తెలిసినవాళ్లు ఆఖరి కిటుకు కొడుక్కి తప్ప ఎవరికీ చెప్పరు. ఇస్రాయేలు మొదటి నెలలోనే అంతా చెప్పేశాడు. ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూలు ఎన్ని రోజులు నానాలో, నూనె ఎంత పట్టాలో, ఎన్ని ఎండలు తగలాలో, ఏదీ దాచుకోలేదు. ఏడాది తిరిగేసరికి రంగు ఉడికే గంగాళంలోంచి నూలు తీసే ఘడియ కూడా బాలయ్యకే వదిలేశాడు.

"నువ్వే చూసి చెప్పు," అనేవాడు. "నేను చెప్పుకుంట పోతే నీ కన్నుకు పని ఎప్పుడు తెలుస్తది?"

బాలయ్య చూసి చెప్పేవాడు. ఇస్రాయేలు తీసేవాడు. మేస్త్రి తన జాగాను తానే ఖాళీ చేసి ఇస్తున్నాడని నేతగాళ్లు నవ్వుకునేవాళ్లు.

ఇప్పుడు అధికారి బాలయ్యను ముందుకు పిలిచాడు. "కల్వకుర్తిలో కొత్తగా అద్దకం నేర్పే కేంద్రం పెడుతున్నాం. దానికి మేస్త్రి కావాలి. ఉండటానికి ఇల్లు కూడా ఇస్తాం. వస్తావా?"

"పోతడు సార్," అన్నాడు ఇస్రాయేలు.

"నేను పోను సార్," అన్నాడు బాలయ్య.

ఇస్రాయేలు అతని రెక్క పట్టుకుని బయట నూలు ఆరవేసిన దండేల దగ్గరకు తీసుకుపోయాడు. "గిసుంటి కొలువు మళ్ల వస్తదా? పిల్లలు గలోనివి. జర సోచాయించు."

"మరి నీ సంగతేంది మేస్త్రీ?"

"నాకేమైతది? దేవుడున్నడు. నువ్వు పోయి నలుగురికి నేర్పు. నాకు గంతే చాలు."

 బాలయ్య చరచరా లోపలికి నడిచాడు.

"సార్, నేర్చుకునేటోళ్లను ఈడికే తోలుండ్రి. మేమిద్దరం కలిసి నేర్పుతం. ఒక్కన్ని మాత్రం నేను ఏడికీ రాను. సంఘానికి నేను పెట్టిన దర్ఖాస్తు తప్పని గూడ అందరి ముంగటనే చెప్తున్న."

అధికారి వెంకటనర్సు వైపు చూశాడు. "జాగాకు ఫికర్ లేదు సార్," అన్నాడు వెంకటనర్సు. "వెనక గోదాం ఖాళీగనే ఉంది. ఇయ్యాల్నే ఊడిపిస్త."

అధికారి చీర మీద మరోసారి చెయ్యి వేశాడు. కాగితాల మీద కల్వకుర్తి కొట్టేసి ఈ ఊరి పేరు రాశాడు. మేస్త్రి పేరు రాయాల్సిన చోట రెండు పేర్లు రాశాడు.

మగ్గాలు ఆగిపోయాయి. వీధిలోంచి ఆడవాళ్లు కూడా వచ్చారు. వెంకటనర్సు ఇద్దరి మెడల్లోనూ దండలు వేసి, బహుమానం తెచ్చిన చీరను ఇద్దరి భుజాల మీదుగా కప్పాడు. ఏస్తేరమ్మ గుమ్మం దగ్గర నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ సందడిలోనే ఇస్రాయేలు బాలయ్య వైపు వంగాడు. "కల్వకుర్తిలైతే నీకు నువ్వే మేస్త్రివి. నన్నెందుకు పట్టుకొని ఉన్నవయ్యా?"

బాలయ్య చీర సర్దుతున్నట్టుగా అతని చెవి దగ్గరకు జరిగాడు.

"నీకు రంగులు కనపడతలేవని రెండేండ్ల సంది నాకెరుకనే, అన్నా."