నీళ్లు రాకముందే

పన్నెండు గంటల డ్యూటీ దిగబోతూ, మస్కట్‌లోని అజైబా ఆసుపత్రిలో నర్సు లీలాకుమారి ఆఖరి ఫారం చేతికి తీసుకుంది. అది యోసెఫ్ అనే ఎనభై ఐదేళ్ల ముసలాయనది. ఇక్కడే ఉన్న కూతుర్ని చూడ్డానికొచ్చి, జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

"పుట్టిన దేశం, సార్?"

"మాది ఆల్ప్స్ కొండల్లో సరిహద్దు ఊరు. మా నాన్న పుట్టినప్పుడు ఆస్ట్రియా, నేను పుట్టేసరికి ఇటలీ. రిజిస్టర్లో మా పేర్లు కూడా మార్చేశారు. ఇల్లు మాత్రం కదల్లేదు."

నిలబడే ఓపిక లేక ఆమె స్టూలు మీద కూలబడింది.

"మాదీ అంతే సార్. గోదావరి ఒడ్డున. నేను పుట్టినప్పుడు ఖమ్మం జిల్లా. తెలంగాణ వచ్చాక మా ఊరిని ఆంధ్రలో కలిపేశారు. ఇప్పుడేమో డ్యామ్ కడుతున్నారు, మునిగిపోతుందట."

ముసలాయన తల తిప్పి చూశాడు.

"మాదీ మునిగింది. అప్పుడు నాకు పదేళ్లు. నీళ్లలోంచి చర్చి గోపురం ఒక్కటే కనిపిస్తుంది. మీవాళ్లంతా బయటికొచ్చేశారా?"

"అందరూ కొత్త కాలనీకి వచ్చేశారు సార్. మా ఆయనొక్కరే అక్కడుండిపోయారు."

ఆమె గొంతును బట్టి ఆయనకు సంగతి అర్థమైంది.

"మా నాన్నా చిన్నాన్నా తాతయ్యను పెట్టెలో మోసుకుని కొండెక్కారు. నేను వెనకే నడిచాను. నువ్వూ వెళ్లు. నీళ్లొచ్చాక ఆయన్ని ఎవరూ బయటికి తీసుకురాలేరు."

ఆమె సరాసరి ఆఫీసుకెళ్లి సెలవు కాగితం అడిగింది. కారణం అన్నచోట ఇలా రాసింది: "భర్త సమాధిని కొత్త ఊరి సమాధుల తోటకు మార్చుకోవాలి."