ముందు వరుసలో చప్పుడు

మొదటి అంశం సగంలో ఉండగా హెడ్‌ఫోన్లలో టక్‌మని ఒక చప్పుడు పడింది.

రికార్డిస్టు ఉలిక్కిపడింది.

మళ్లీ టక్. ఈసారి రెండు.

"బావా, ఎవరో నేలను తంతున్నారు" అంది, మైకు తీగలు చూస్తున్న అక్క మొగుడి చెవిలో.

"నేను కాదు మరదలా. మీ అక్క ఇంట్లో నడిచీ నడిచీ నా కాళ్లు చప్పుడు చేయడం మర్చిపోయాయి."

నవ్వొచ్చింది. నవ్వితే అదీ రికార్డవుతుందని పెదవి కొరుక్కుంది.

అది పాత డాన్సు హాలు. వేదిక లేదు. గిటారిస్టు, డ్రమ్మరు, నలభై కుర్చీలు, అన్నీ ఒకే చెక్కనేల మీద. జాజ్ వాయించే ఆ ఇద్దరూ ముందుగా ఏదీ అనుకోరు, ఒకసారి వాయించింది మళ్లీ వాయించరు. ఈ మధ్యాహ్నం పట్టుకోలేకపోతే ఇక దొరకదు. పైగా ఇది ఆమె సొంతంగా చేస్తున్న మొదటి రికార్డింగు.

చప్పుడు ముందు వరుస చివరి కుర్చీలోంచి వస్తోంది. అరవై దాటిన మనిషి, ఊదారంగు శాలువా. కళ్లు మూసుకుని కుడి మడమతో నేలను కొడుతోంది.

విరామంలో గిటారిస్టు మంచినీళ్లకని బయటికెళ్లాడు. రికార్డిస్టు ఒక కంబళి మడతపెట్టి తెచ్చింది.

"కాస్త కాళ్లు ఎత్తుతారా అమ్మా? మీ తాళం మైకుల్లో పడుతోంది."

"కంబళి వద్దమ్మా. ఇలాగే ఉండనీ."

"కాళ్ల నొప్పులా?"

ఆమె ఏదో చెప్పబోయింది. డ్రమ్మరు వైపు చూసింది. అతను తల వంచుకుని డ్రమ్ముల బిగింపు సరిచూసుకుంటున్నాడు. వచ్చిన మాట మింగేసింది.

"వేయించుకోండమ్మా" అన్నాడు బావ. "మా మరదలు ఇంత మర్యాదగా అడగడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు."

ఆమె నవ్వలేదు. పాదాలు ఎత్తింది.

రెండో అంశం మొదలైంది. శబ్దం కడిగిన అద్దంలా ఉంది. రికార్డిస్టు మురిసిపోయింది.

అర నిమిషం గడిచింది. గిటారు మలుపు తిరిగింది. డ్రమ్ములు తిరగలేదు.

గిటారు ఆగి ఎదురుచూసింది. డ్రమ్ములు దాన్ని దాటుకుని వెళ్లిపోయాయి.

డ్రమ్మరు కళ్లు ముందు వరుసను వెతికాయి. శాలువా ఆమె కంబళిని కాళ్లతో గబగబా పక్కకు నెడుతోంది.

అప్పటికే అతను కర్రలు డ్రమ్ము మీద పెట్టేశాడు. లేచి పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. వెనకే ఆమె.

జనం అదీ వాయిద్యంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

వారం పాటు రికార్డిస్టుకు ఇంట్లో ఏ గదిలోకి వెళ్లినా ఆ టక్ వినిపించింది.

గిటారిస్టు స్టూడియోకి వచ్చిన రోజు మొదటి అంశం పెట్టి వినిపించింది.

"ఈ చప్పుడు తీసేస్తే మీ ఇద్దరే మిగులుతారు" అంటూ కంప్యూటర్ తెర మీద శబ్దపు గీతల్ని దగ్గరకు లాగింది. చెయ్యి ఆగిపోయింది.

ప్రతి మలుపులోనూ ముందు టక్. వెంట్రుకవాసి తర్వాత డ్రమ్ము. ఆ వరుస ఒక్కచోట కూడా తిరగబడలేదు.



"ఆవిడ తాళం వేయడం లేదు. ఆయనే ఆవిడ వెనక వెళ్తున్నారు" అంది.

"తీయకమ్మా" అన్నాడు గిటారిస్టు.

"ఆయన మళ్లీ ఎప్పుడు వాయిస్తారు?"

"ఇక వాయించడు. డ్రమ్ములు ఎవరికో ఇచ్చేశాడు."

"ఎవరండీ ఆవిడ?"



"వాళ్లక్క. తమ్ముడికి చెవులు పోయి రెండేళ్లయింది, ఎవరికీ చెప్పొద్దని మా చేత ఒట్టు వేయించుకున్నాడు; అప్పట్నించీ నా గిటారు అతనికి అందుతున్నది ఆవిడ కాలి కింద నేల అదురులోనే."