మెడ దగ్గరి గుండీ

"ఆసుపత్రికి రానంటే రాను." దర్జీ కుట్టుమిషను ముందు నుంచి కదల్లేదు. "రెండు గడ్డలుంటే నడుములోదాన్నే కరెంటుతో కాల్చారు. మెడలోది దానంతటదే పోతుందా? మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టుంది."

"డాక్టరమ్మ చెప్పింది కదండీ," అంది భార్య. "అక్కడ కాలిన గడ్డను చూసి ఒంట్లో రోగంతో పోరాడే బలగం శత్రువును ఆనవాలు పడుతుందట. ఈ సూదిమందు ఆ బలగాన్ని ఉసిగొలుపుతుందట. అప్పుడు మెడలోదాన్నీ పట్టొచ్చట."

"పట్టొచ్చు అంది. పడుతుందనలేదు. ఇన్నాళ్ళూ పొడిపించుకున్నవి చాలు, ఇక నాకు సూదులొద్దు."

ఆమె అతనికి చొక్కా తొడిగింది. గడ్డ పెరిగాక బిగుతై వదిలేసిన మెడ దగ్గరి గుండీని పరధ్యానంగా పెట్టేసింది.

గుండీ పట్టింది.

"నన్ను మభ్యపెట్టడానికి గుండీ జరిపావా?" అన్నాడతను.

"మీరు కుట్టిన చొక్కా మీద చెయ్యేసి ఈ ఇంట్లో బతకగలనా?"

అతను చొక్కా విప్పి కిటికీ వెలుతురులో తిరగేశాడు. గుండీ వెనక దారం తను వేసిన ముడే, ఎవరూ విప్పలేదు. వేళ్ళు మెల్లగా మెడలో గడ్డ ఉన్న చోటికి వెళ్ళి, అక్కడ తడుముతూ ఉండిపోయాయి.

"సూది ఎన్నింటికన్నావు?" అన్నాడు, చొక్కా మళ్ళీ తొడుక్కుంటూ.