మెత్తటి ఉత్తరం

"నూలు వ్యాపారి బాకీ నోటీసు పంపకముందే, సరుకు నాసిరకమని మీరు కాగితం మీద పెట్టారా?" అడిగాడు లాయరు. "పెడితే బాకీ తగాదాలో ఉన్నట్టే. లేకపోతే దివాలా కేసు పడుతుంది, మిల్లు మీ చేతుల్లో ఉండదు."

"ఫోన్లో దుమ్ము దులిపేశానండీ!" అన్నాడు మిల్లు యజమాని.

పక్కనే ఉన్న గుమాస్తా చేతిలోని ఫైలు తెరిచాడు. అందులోంచి ఓ ఉత్తరం నకలు తీశాడు. "ఆ వ్యాపారి అలిగాడని మర్నాడే నేను రాశానండీ... 'సరుకు బాగుంది, కాస్త గడువివ్వండి' అని."

"కొంప ముంచావు కదయ్యా! ఎవడు రాయమన్నాడు?" అరిచాడు యజమాని.

"మెత్తగా రాసి సర్దెయ్ అన్నది మీరేనండీ. సంతకం కూడా పెట్టారు."

యజమాని కళ్లజోడు పెట్టుకుని, ఆ ఉత్తరాన్ని మొదటిసారి చదివాడు. తర్వాత బీరువాలో వరసగా పేర్చిన ఫైళ్లకేసి చూశాడు.

"ఇలాంటివి... ఇంకెన్ని ఉన్నాయయ్యా?" అన్నాడు.